ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది

మూడోసారి కూడా ముప్పై ఎనిమిది దగ్గరే ఆగింది. ముప్పై ఏడు కాదు, ముప్పై తొమ్మిది కాదు, సరిగ్గా ముప్పై ఎనిమిది శాతం! తెర మీద లెక్క అక్కడికి వచ్చి మేకు కొట్టినట్టు బిగుసుకుపోయింది. జ్ఞానప్రసూనకు ఒళ్లు మండిపోయింది. పొద్దున ఏడింటికి కూర్చున్న మనిషి, పది కావస్తోంది, గొంతులో చుక్క చాయ్ పడలేదు. దీని ముప్పై ఎనిమిది తగలెయ్య!

ఇప్పగూడెంలో రోడ్డు పక్కనున్న ఆ కొట్టు సగం కిరాణా, సగం కంప్యూటరు. కిరాణా వైపు త్రాసు దగ్గర అత్తగారు సుశీలమ్మ కూర్చుంటుంది. భర్త రాజేశ్వరరావు సరుకు తేవడానికి జగదల్‌పూర్ వెళ్లాడు, రేపటికి గానీ రాడు. కంప్యూటరు వైపు మాత్రం పూర్తిగా జ్ఞానప్రసూనది. ఇంట్లో అందరూ ముక్కులు విరిచినా పట్టుబట్టి పెట్టుకుంది. మద్దేడ్‌కూ భోపాలపట్నానికీ మధ్య ఎనిమిది ఊళ్ల ముసలివాళ్ల పింఛన్లు, పిల్లల కుల పత్రాలు, రేషన్ కార్డుల్లో తప్పుల దిద్దుబాట్లు అన్నీ ఆ ఒక్క మిషను మీదే నడవాలి. దానికి సర్కారు ఆమె పేరు మీద ఒక ఐడీ ఇచ్చింది. పెళ్లయిన పదేళ్ల దాకా ఆమె రాజేశ్వరరావు పెళ్లాం. ఆ ఐడీ వచ్చాకే జ్ఞానక్క అయింది. అది పోతుందంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

ఆ మిషనులో రెండు సిస్టములున్నాయి. లోపలి హార్డ్ డిస్కును రెండు గదులు చేసి, ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో లినక్స్ పెట్టుకుంది. స్విచ్చి వెయ్యగానే నల్లటి తెర మీద ఏ గదిలోకి పోతావని అడుగుతుంది. ఊళ్లోవాళ్లకు ఆ పేర్లతో పనేముంది? మొదటిదాన్ని కిటికీ అన్నారు, రెండోదాన్ని పెంగ్విన్ బొమ్మ చూసి పక్షి అన్నారు. సర్కారు వేలిముద్ర మిషను కిటికీలోనే పనిచేస్తుంది. వాళ్లూ వీళ్లూ పెన్‌డ్రైవుల్లో మోసుకొచ్చే వైరసులు దూరేది కూడా ఆ కిటికీలోంచే. అందుకని పెళ్లి ఫోటోలూ వీడియోలూ, పోతే మళ్లీ దొరకనివన్నీ, జ్ఞానప్రసూన పక్షి వైపు దాచుకుంటుంది.

నిన్న సాయంత్రం పంచాయతీ సచివ్ రామనాథం ఒక పెన్‌డ్రైవు తెచ్చాడు. సచివ్ అంటే ఊరి కాగితాలన్నీ, ఊరి ముద్రలన్నీ చంకలో పెట్టుకు తిరిగే మనిషి. ఆ పెన్‌డ్రైవు గుచ్చిన పావుగంటకు కిటికీ కుప్పకూలింది. ఎన్నిసార్లు స్విచ్చి వేసినా లేవలేదు. సరే, కిటికీ గదిని తుడిచి విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కిద్దామని పొద్దున్నే విండోస్ సీడీ బిళ్ల ట్రేలో పెట్టింది. ఎక్కడం మొదలైంది, ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. కరెంటు వోల్టేజీ అనుకుంది, స్టెబిలైజరు మార్చింది. ముప్పై ఎనిమిది. ప్రింటరూ వేలిముద్ర మిషనూ పీకేసింది. ముప్పై ఎనిమిది. ఇక లోపలి మెమరీ ముక్క ఊడదీసి, దాని రాగి పళ్లను పిల్లల రబ్బరుతో బరబరా రుద్ది మళ్లీ బిగించి, నాలుగోసారి మొదలుపెట్టింది.

అప్పుడు దిగాడు రామనాథం, వెనకాల కోట్వార్ మంగ్లూతో. మంగ్లూకు యాభై ఏళ్లుంటాయి. సర్కారు కబురేదైనా ఊరి వాడలన్నీ తిరిగి డోలు కొట్టి చెప్పడం అతని ఉద్యోగం. వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. బయట అరుగు మీద అప్పటికే పది పన్నెండు మంది ఉన్నారు. సగం మంది పింఛనుకు వచ్చినవాళ్లు, సగం మంది ఫోన్ చిప్పుల్లో పాటలు ఎక్కించుకోడానికి వచ్చినవాళ్లు.

"ఏంది జ్ఞానమ్మా, ఇంకా కాలేదా?" అన్నాడు రామనాథం. "నాలుగు కొట్టే లోపట ప్రస్తావ్ పైకి పోవాలె. ఇయ్యాలే ఆఖరి తారీఖు."

"మీ పెన్‌డ్రైవు పుణ్యమే గద సచివ్ గారూ. అది పెట్టకపోతే నిన్ననే పోతుండె."

"సరే సరే. ఈ ఫైలు ఇక్కడ పెడుతున్న. మిషను లేవంగనే స్కాన్ కొట్టి పంపియ్యి." ఫైలు బల్ల మీద పడేసి, సుశీలమ్మ దగ్గర వక్కపొడి తీసుకోడానికి కిరాణా వైపు వెళ్లాడు.

తెర మీద ఎక్కుతున్న గీత కదులుతున్నంతసేపూ చేసేదేమీ ఉండదు. జ్ఞానప్రసూన ఊరికే ఫైలు తిప్పింది. అక్కడి సర్కారు భాష హిందీలో టైపు చేసిన ప్రస్తావ్, అంటే గ్రామసభ తీర్మానం. గాంధీ జయంతి నాటి సభలో ఎలుగుల గుట్టను ఖదాన్ కోసం, అంటే గని తవ్వడానికి, ఇవ్వడానికి ఊరు మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకుందని ఉంది. రుజువుగా ఒక ఫోటో అంటించారు. నూట యాభై మంది చేతులెత్తి కూర్చున్నారు.

ఆ ఫోటోను ఆమె వెలుతురుకు జరిపి మళ్లీ చూసింది. అది తను తీసిన ఫోటో!

ఖదాన్ల కాలం అది. ఎక్కడ ఏ గుట్టకు సర్వే రాళ్లు పాతుతారో, ఏ వాగు ఎర్రగా పారుతుందో ఎవరికీ తెలియదు. ఎలుగుల గుట్ట కింద సానరాళ్లకు వాడే కొరండం రాయి ఉందని రెండేళ్లుగా జీపులు వచ్చి పోతున్నాయి. ఊరికి ఇప్పపువ్వు ఆ గుట్టదే, తునికాకు ఆ గుట్టదే, ఎండాకాలంలో నీటి ఊట ఆ గుట్టదే. గుట్టను ఇస్తామని ఊళ్లో ఒక్కరూ అనలేదు. మరి ఈ చేతులేంది?

చేతులెందుకెత్తారో ఆమెకు బాగా గుర్తుంది. సభకు ఫోటోలు తీయమని పిలిచింది రామనాథమే. సభలో ఆయన నిలబడి, "దోమతెర అందినోళ్లందరు చెయ్యెత్తున్రి" అన్నాడు. అందరికీ అందాయి, అందరూ ఎత్తారు. అంతే! దోమతెరకు ఎత్తిన చేతుల్ని గుట్టకు కుట్టేశాడు మహానుభావుడు.

అయితే రామనాథానికి తెలియని సంగతి ఒకటుంది. జ్ఞానప్రసూన ఫోటోలు ఒక్కొక్కటిగా తీయదు. పెళ్లిళ్లలో మొదలైన అలవాటు అది. తలంబ్రాలప్పుడు సరిగ్గా మీట నొక్కబోయేసరికి ఎవరో ఒక పెద్దాయన అడ్డం వస్తాడు. అందుకని కెమెరాను వీడియోలో పెట్టి మొదటి నుంచి చివరి దాకా వదిలేస్తుంది. తరవాత తీరిగ్గా కూర్చుని అందులోంచి మంచి బొమ్మలు కోసి ప్రింటు తీసిస్తుంది. సచివ్ చేతికి వెళ్లింది ఒక్క బొమ్మ. సభ మొత్తం, మాటలతో సహా, ఆ మిషనులోనే పక్షి గదిలో ఉంది. ఊరు ఒప్పుకోలేదనడానికి ఉన్న రుజువు ఈ భూమ్మీద అదొక్కటే.

తెర వైపు చూసింది. ముప్పై ఎనిమిది.

జగదల్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే శ్రీరంగానికి ఫోన్ చేసింది. రెండు చేతులూ వైర్లలో ఉండటంతో స్పీకరు పెట్టింది. అదే ఆమె చేసిన పొరపాటు.

"నాలుగుసార్లూ అక్కడే ఆగిందా మేడం? మీ డిస్కులో రెండు సిస్టములున్నాయి చూడండి, అదే తలనొప్పి," అన్నాడు శ్రీరంగం. "ఆ లినక్సూ గినక్సూ అన్నీ డిలీట్ కొట్టేయండి. గదుల్లేకుండా మొత్తం డిస్కు ఒకటే చేసి ఎక్కించండి. అరగంటలో అయిపోద్ది."

"అటువైపు నా వీడియోలున్నయండీ."

"వీడియోలదేముంది మేడం, మళ్లీ తీసుకోవచ్చు."

వక్కపొడి నములుతున్న రామనాథం నోరు ఆగింది. మెల్లగా ఇటు వచ్చాడు. "ఏం వీడియోలు జ్ఞానమ్మా?"

ఆమె ఫోన్ కట్ చేసింది. అబద్ధం చెప్పొచ్చు. పెళ్లి వీడియోలని అంటే సరిపోయేది. కానీ బల్ల మీద తెరిచి ఉన్న ఫైలునూ, ఏమీ ఎరగనట్టు నిలబడ్డ ఆ మనిషినీ చూస్తే ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"గాంధీ జయంతి నాటి సభది," అంది. "మొత్తం ఉంది. మీరు దోమతెరల గురించి అడిగింది కూడా ఉంది."

రామనాథం మొహంలో రంగు మారింది. కానీ ఘటికుడు, వెంటనే సర్దుకున్నాడు. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుని గొంతు తగ్గించాడు. "చూడు చెల్లె, ఆయన చెప్పిండు గద. మొత్తం కొట్టేసెయ్యి. సర్కారు పని ఆపద్దు. ఇయ్యాల నాలుగింటికి ప్రస్తావ్ పోలేదనుకో, ఈ సెంటరు పనిచేస్తలేదని నేను రాయాల్సొస్తది. రాస్తే నీ ఐడీ ఎగిరిపోద్ది. ఎందుకు చెప్పు ఇదంతా? నువ్వు కష్టపడి పెట్టుకున్న కొట్టు."

భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. ఐడీ పోతే రేపటి నుంచి మళ్లీ కిరాణా వైపు కూర్చుని బెల్లం తూచుకోవడమే. "చెప్తే విన్నవా" అని భర్త అనడు గానీ ఆ చూపు చూస్తాడు. అయినా ఆ భయం కింద నుంచి ఇంకేదో తన్నుకొచ్చింది. నా ఫోటో! నా చేత్తో తీసిన ఫోటోతో ఊరిని ముంచి, పైగా నా చేత్తోనే రుజువు తుడిపిస్తాడా? ఎంత పొగరు!

"రాసుకోండి," అంది. "కానీ నా మిషను ఎట్ల బాగుచేసుకోవాల్నో నాకు తెలుసు. నన్ను ఇంత ఆలోచించుకోనియ్యున్రి."

కోపం వస్తే కొందరికి బుర్ర పనిచేయదు. జ్ఞానప్రసూనకు అప్పుడే పనిచేస్తుంది. కరెంటు లోపమైతే ఒకసారి ఇరవై దగ్గర, ఒకసారి యాభై దగ్గర ఆగాలి. మెమరీ లోపమైనా అంతే. నాలుగుసార్లూ ఒకేచోట ఆగిందంటే బిళ్లను చదివే చోటనే ఏదో అడ్డం ఉంది. పక్షికి దీంతో సంబంధమే లేదు, పాపం దాని గదిలో అది ఉంది. మీట నొక్కి, ట్రే బయటికి రప్పించి, బిళ్లను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

మెరిసే వైపు, నడుమ రంధ్రానికి రెండు వేళ్ల దూరంలో, గుండ్రంగా కుంకుమ బొట్టు! కింద పసుపు కూడా. నూనెతో కలిపి పెట్టారేమో, ఎండి పెచ్చులా అంటుకుపోయింది.

"అత్తమ్మా!"

"ఏందే, గట్ల అరుస్తవ్? చెవుడా నాకు?" అంది సుశీలమ్మ.

"ఈ బిళ్లకు బొట్టు ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. మొన్న ఆయుధ పూజ నాడు త్రాసుకు పెట్టిన, రాళ్లకు పెట్టిన, కత్తెరకు పెట్టిన, నీ డబ్బాకు పెట్టిన. అదొక్కటి ఏం పాపం చేసిందని ఇడిచిపెడుత?"

"పెడితే పెట్టినవ్, ఇంకో దిక్కు పెట్టరాదా?"

"అటు దిక్కు రాత ఉండె గదనే! రాత మీద బొట్టు రుద్ది సరస్వతమ్మను ఖరాబు చేయమంటవా? ఏం లేని దిక్కు చూసి పెట్టిన. నాకు ఆ మాత్రం తెల్వదా?"

జ్ఞానప్రసూనకు నవ్వాగలేదు. పొద్దుటి నుంచి రుద్దిన రబ్బరూ, మార్చిన స్టెబిలైజరూ గుర్తొచ్చి పడీపడీ నవ్వింది. అరుగు మీద వాళ్లకు ఎందుకో తెలియకపోయినా వాళ్లూ నవ్వారు.

రామనాథం కూడా నవ్వాడు, హాయిగా. "ఓస్, ఇంతేనా! తుడువ్ మరి, తుడువ్. తుడిచి ఎక్కియ్యి. నీ వీడియోల సంగతి తర్వాత చూసుకుందాం."

నవ్వు ఆమె మొహం మీదే ఆగింది. నిజమే, కొంగు చివర తడిపి రెండు నిమిషాలు రుద్దితే పోతుంది. పన్నెండింటికి కిటికీ లేస్తుంది. నాలుగింటికి ప్రస్తావ్ పైకి పోతుంది. ఐడీ నిలుస్తుంది. ఎవరూ ఆమెను ఏమీ అనరు, ఆమె పని ఆమె చేసింది, అంతే. పంపింది ఎవరని రేపు ఏ ఊరివాళ్లూ అడగరు. కానీ పంపాల్సింది తనే. తన ఐడీతో, తన వేలితో.

"తుడవను," అంది.

"ఏందీ?"

"తుడవనంటున్న. అత్తమ్మా, ఇంద ఈ బిళ్ల. పండుగకు పెట్టిన బొట్టు చెరపొద్దు. తీస్కపోయి దేవుని దగ్గర పెట్టు."

సుశీలమ్మకు తలా తోకా అర్థం కాలేదు. అయినా కోడలు మొదటిసారి తన బొట్టుకు విలువ ఇచ్చింది కదా! బిళ్ల తీసుకుని భద్రంగా నడుములో దోపుకుంది. ఇక ఆ నడుములోంచి దాన్ని తీయగల మొనగాడు ఆ జిల్లాలో లేడు.

జ్ఞానప్రసూన మిషను ఆపి మళ్లీ స్విచ్చి వేసింది. ఇప్పుడు అసలు భయం పట్టుకుంది. కిటికీ గదిని నాలుగుసార్లు తుడిచింది. పక్షి గది తలుపు మిగిలిందా? విండోస్ పూర్తిగా ఎక్కితే మొదటి గుమ్మానికి తన తాళమే వేసుకుంటుంది, పక్షి కనబడదు. కానీ ఎక్కలేదు కదా, ముప్పై ఎనిమిది దగ్గరే ఆగింది కదా! తెర నల్లబడింది. ఒక గీత మిణుకుమంది. రెండు వరసలు వచ్చాయి, ఎప్పటిలాగే. పక్షి మీద మీట నొక్కింది.

వచ్చింది. బంగారంలాంటి పక్షి, ఎక్కడ పెట్టిన ఫైలు అక్కడే ఉంది.

స్పీకర్ల గొంతు పూర్తిగా పెంచి, తెరను అరుగు వైపు తిప్పింది. "లక్మే, ఇటు రా. అందరు రండ్రి. మీ సభ చూద్దురు గాని."

లక్మే గుట్ట కింద దొర్ల తెగవాళ్ల పల్లె మనిషి. పాటల కోసం వచ్చింది. వచ్చి తెర ముందు గొంతుక్కూర్చుంది. వెనకాల అందరూ మూగారు. వీడియోలో రామనాథం నిలబడి, దోమతెర అందినోళ్లందరు చెయ్యెత్తున్రి అంటున్నాడు. పక్కన మంగ్లూ ఆ మాటనే గోండిలో పెద్దగా అరిచి చెబుతున్నాడు. చేతులు లేచాయి. కాసేపటికి వెనక వరసలోంచి ఒక ఆడగొంతు, "గుట్ట సంగతేంది సాబ్?" అని అడిగింది. అది లక్మే గొంతే. "గుట్ట ముచ్చట ఇయ్యాల లేదు, కూసో," అని రామనాథం కసిరాడు.

జ్ఞానప్రసూన వీడియో ఆపి, ఫైలులోని ప్రస్తావ్ ఎత్తి తెలుగులో చదివి వినిపించింది. ఎలుగుల గుట్ట, ఖదాన్, ఏకగ్రీవం. ఫోటో చూపించింది. ఎవరి చెయ్యి ఎక్కడుందో వాళ్లే వెతుక్కున్నారు.

"దోమతెరకు ఎత్తిన చెయ్యి ఇది," అంది లక్మే, తన చేతినే ఎగాదిగా చూసుకుంటూ. ఆ తరవాత ఆమె దొర్ల భాషలో అన్నది రాయడానికి వీల్లేదు.

"ఐడీ పోయినట్టే అనుకో జ్ఞానమ్మా!" రామనాథం లేచి నిలబడ్డాడు. ఇక గొంతు తగ్గించలేదు. "ఇయ్యాల సాయంత్రానికే పోద్ది. నీ మిషను గూడ జప్తు చేయిస్త. పైనుంచి మనుషులొచ్చి మొత్తం తుడిచి పారేస్తరు. ఏం చేస్తవ్ అప్పుడు?"

"ఐడీ పోతే పోనీ!" అంది జ్ఞానప్రసూన. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకోలేదు. "మిషను గూడ తీస్కపోండ్రి. దీంట్లోంచి తుడుస్తరు, సరే. ఎన్నిట్లోంచి తుడుస్తరు? లక్మే, నీ చిప్పు ఇయ్యి. మీరందరు గూడ ఇయ్యున్రి."

అరుగు మీద ఒక్క క్షణం ఎవరికీ తోచలేదు. తోచాక మాత్రం ఫోన్ల వెనక మూతలన్నీ టపటపా ఊడాయి. గోరంత చిప్పులు బల్ల మీదికి వచ్చి పడ్డాయి. లక్మే చిప్పు నిండా పాటలే. "పాటలన్ని తీసెయ్యక్కా, ఇదే పెట్టు," అంది. పింఛనుకు వచ్చిన ముసలాయన తనకు ఫోన్ లేదని, మనవడి చిప్పు తెస్తానని కర్ర పట్టుకుని బయల్దేరాడు. జ్ఞానప్రసూన ఒక్కొక్క చిప్పు గుచ్చి వీడియో ఎక్కించడం మొదలుపెట్టింది. ఒక్కటి ఎక్కడానికి రెండు నిమిషాలు పడుతోంది. మూడు అయ్యాయి. నాలుగు అయ్యాయి.

రామనాథం చూపు గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం పక్కన, మంగ్లూ తలకు పైన, కరెంటు మెయిన్ స్విచ్చి ఉంది.

"మంగ్లూ! మెయిన్ దించు!"

మంగ్లూ తలెత్తి స్విచ్చి చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. జ్ఞానప్రసూన చెయ్యి మీట మీదే ఆగిపోయింది. కోట్వార్ సచివ్ మాట దాటిన రోజు ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. మంగ్లూ నెమ్మదిగా కదిలాడు. కానీ స్విచ్చి వైపు కాదు. జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇంటింటికి తిరిగి డోలు కొట్టింది నేను సాబ్," అన్నాడు. "దోమతెరల సభ అని చెప్పమంటివి. చెప్పిన. గుట్ట మీద నా తమ్ముడి ఇల్లుంది."

జేబులోంచి పాత ఫోన్ తీశాడు. దాని మూత రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. బ్యాండు విప్పి, మూత తీసి, లావాటి గోటితో చిప్పును తవ్వి తవ్వి బయటికి లాగి, జ్ఞానప్రసూన ముందు పెట్టాడు.

ఆమె దాన్ని గుచ్చింది. ఎక్కడం మొదలైంది.

"నడువ్ మంగ్లూ, పోదాం!" అని అరిచాడు రామనాథం, గుమ్మం దాటుతూ.

మంగ్లూ స్టూలు దగ్గరికి లాక్కుని, తెరకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఆగున్రి సాబ్," అన్నాడు. "ఇంకా ఎక్కుతాంది."